పాత మంగూస్, కొత్త వెర్షన్: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి నల్గొండ, పాలమూరు వైపు నుంచి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే ఇబ్బంది గురించి ఉన్నాయి. ఎవరో ఎప్పుడో రాసిన ప్రోగ్రాం, అందులో మాంగోడీబీతో మాట్లాడే పాత లైబ్రరీ, ఇప్పుడు దాన్ని కొత్త వెర్షన్‌కి మార్చాలి, మారిస్తే ఏమవుతుందోనని భయం. అందుకే మిగతావన్నీ వచ్చే సంచికకు పెట్టి ఇవే తీసుకున్నాను.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు మాటలు చెప్పి మొదలుపెడతాను. మాంగోడీబీ డాక్యుమెంట్ డేటాబేస్. అంటే రైతు పేరు ఒక పట్టికలో, బస్తాలు ఇంకో పట్టికలో అని విడదీయకుండా కాటా చిట్టీ మొత్తాన్ని ఒకే డాక్యుమెంట్‌గా దాచుకుంటుంది. ఒక చిట్టీలో తేమ శాతం ఉండి, పక్క చిట్టీలో లేకపోయినా అది అడ్డు చెప్పదు, ఒక్కో డాక్యుమెంట్ 16 ఎంబీ దాటకుండా ఉంటే చాలు. ఆ అడ్డు చెప్పే పనిని నోడ్ జేఎస్ (జావాస్క్రిప్ట్ ప్రోగ్రాంలను బ్రౌజర్ బయట నడిపేది) వైపు మంగూస్ అనే లైబ్రరీ చేస్తుంది. ఏ వివరాలు ఉండాలో స్కీమా రాసిస్తే దాని ప్రకారం పట్టి చూస్తుంది. మంగూస్ కింద మాంగోడీబీ వాళ్లదే డ్రైవర్ అని ఇంకో లైబ్రరీ ఉంటుంది, కొందరు మంగూస్ లేకుండా నేరుగా దాన్నే వాడతారు.

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా బాబాయి వాళ్ల రైస్ మిల్లులో కాటా ఎంట్రీలు, రైతుల లెక్కలు అన్నీ నోడ్ జేఎస్‌లో రాసిన ప్రోగ్రాం మీదే నడుస్తున్నాయి. 2019లో అది రాసిన అన్న వేరే ఊరికి వెళ్లిపోయాడు, ఇప్పుడు చూసుకునేది నేనే. మంగూస్ 5 ఉంది. ఎన్‌పీఎం ఆడిట్ (వేసుకున్న లైబ్రరీల్లో తెలిసిన లోపాలు వెతికే కమాండ్) కొడితే ఎర్రగా హెచ్చరికలు వస్తున్నాయి. నేరుగా 8కి మార్చేయొచ్చా సార్? బాబాయేమో నడిచేదాన్ని ముట్టుకోకు అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: నేరుగా 8కి దూకకండి. అలాగని 5 మీదే ఉండిపోండి అని కూడా చెప్పను, ఎందుకంటే మంగూస్ 5కి 2024 మార్చి 1తో అధికారికంగా గడువు ముగిసింది, ఇకమీదట ఏ లోపం బయటపడినా సరిచేసి పంపే పూచీ ఎవరిదీ కాదు. లోపాలు మాత్రం బయటపడుతూనే ఉంటాయి. 2024 చివర్లో మంగూస్‌లో పాపులేట్ చేసేటప్పుడు, అంటే ఒక డాక్యుమెంట్‌కి జతైన ఇంకో డాక్యుమెంట్‌ని తెచ్చి కలిపేటప్పుడు, ఇచ్చే మ్యాచ్ షరతు గుండా బయటివాళ్లు తమ కోడ్‌ని లోపలికి పంపగలిగే లోపం ఒకటి దొరికింది. 8 వరుసలో దాన్ని 8.8.3లో సరిచేశారు, అది పూర్తిగా సరిపోలేదని 2025 జనవరిలో 8.9.5లో మళ్లీ మూశారు. మీ ప్రోగ్రాం మిల్లు లోపలి నెట్‌వర్క్‌లోనే ఉంటే తొందరేం లేదు, బాబాయి ఫోన్లో చూసుకోవడానికి ఇంటర్నెట్‌లో పెట్టి ఉంటే మాత్రం వాయిదా వేయకండి.

బాబాయి భయంలో తప్పు లేదు. సాగర్ ఎడమ కాల్వ కింద కోతలు మొదలై మిల్లు ముందు ట్రాక్టర్లు వరుస కట్టాక కాటా స్క్రీన్ పది నిమిషాలు ఆగినా ఎంత గొడవ అవుతుందో ఆయనకు తెలుసు, మనకంటే ఎక్కువ తెలుసు. కాబట్టి వానాకాలం వడ్లు, యాసంగి వడ్లు దిగే రోజుల్లో ఈ పని అసలు పెట్టుకోవద్దు. మధ్యలో కాటాకు తీరిక దొరికే వారాలు ఉంటాయి కదా, అవి చూసుకోండి, ఆయనకు కూడా ముందే చెప్పి పెట్టండి.

మొదట నకలు తీయండి. మాంగోడంప్‌తో డేటా అంతా బయటికి తీసి, మాంగోరీస్టోర్‌తో మీ ల్యాప్‌టాప్‌లో వేరే పేరుతో డేటాబేస్ పెట్టి అందులోకి ఎక్కించి, నిన్నటి తూకం మొత్తం ఎంతో అసలు దాంట్లో, నకలులో రెండింట్లోనూ సరిచూడండి. చాలామంది డంప్ తీసి ఊరుకుంటారు, తిరిగి ఎక్కించి చూడరు. ఎక్కించి చూడని బ్యాకప్‌ని నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను. కోడ్ గిట్‌లో (కోడ్‌లో చేసిన ప్రతి మార్పునీ దాచిపెట్టే పనిముట్టు) లేకపోతే ఈరోజే పెట్టండి, ఇది మాత్రం సీజన్‌లో అయినా చేసుకోవచ్చు.

తర్వాత 5లోనే చివరి వెర్షన్‌కి, అక్కడి నుంచి 6కి, 6 నుంచి 7కి, 7 నుంచి 8కి. ఒక్కో మెట్టు ఎక్కాక ఆగి, ప్రోగ్రాంలో ఉన్న ప్రతి స్క్రీన్ తెరిచి, లారీ ఎంట్రీ చేసి, తరుగు తీసి, చిట్టీ ప్రింట్ కొట్టి, ఒక ఎంట్రీ దిద్ది, ఒకటి తీసేసి చూసుకున్నాకే తర్వాతి మెట్టు. నాలుగు మెట్లూ ఒకేసారి ఎక్కితే ఏదైనా చెడినప్పుడు అది ఏ మెట్టు దగ్గర చెడిందో పట్టుకోలేరు, రాత్రంతా కూర్చోవాల్సి వస్తుంది.

6కి వెళ్లగానే కనెక్షన్ దగ్గరే ఆగిపోవచ్చు. 2019 నాటి కోడ్‌లో కనెక్ట్ లైన్ పక్కన యూజ్ అనే మాటతో మొదలయ్యే ఆప్షన్లు మూడు నాలుగు ఉంటాయి, యూజ్‌క్రియేట్‌ఇండెక్స్, యూజ్‌ఫైండ్‌అండ్‌మాడిఫై లాంటివి. 6లో వాటితో పనిలేదు, ఈ రెండూ ఉంటే సపోర్ట్ లేదని ఎర్రర్ ఇస్తుంది, అన్నీ తీసేయండి. ఎగ్జెక్‌పాపులేట్ కూడా పోయింది. ఒకే క్వెరీకి (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నకి) అవెయిట్ (జవాబు వచ్చేదాకా ఆగమనే మాట) పెట్టి, మళ్లీ కాల్‌బ్యాక్ (జవాబు వచ్చాక నడిచే ఫంక్షన్) కూడా ఇచ్చిన చోట క్వెరీ ఇప్పటికే నడిచిందని ఎర్రర్ వస్తుంది, రెండింట్లో ఒకటి తీసేయాలి. అసలు పని 7లో ఉంటుంది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన ఈ వెర్షన్‌లో కాల్‌బ్యాక్‌లు పూర్తిగా ఎత్తేశారు, ఫైండ్ చేసి లోపల ఫంక్షన్ ఇచ్చిన ప్రతి చోటా అసింక్ అవెయిట్‌లోకి తిరగరాయాలి. పాత కోడ్‌లో ఇవి వందల్లో ఉండొచ్చు, కూర్చుని ఒక్కొక్కటి మార్చడమే, అడ్డదారి లేదు. రిమూవ్, అప్‌డేట్ అనే పాత పేర్లు పోయాయి, డిలీట్‌వన్, డిలీట్‌మెనీ, అప్‌డేట్‌వన్, అప్‌డేట్‌మెనీ వాడాలి. ఆబ్జెక్ట్‌ఐడీ ముందు న్యూ అని రాయాలి. 8లో కౌంట్ పోయి కౌంట్‌డాక్యుమెంట్స్ మిగిలింది, ఫైండ్‌వన్‌అండ్‌రిమూవ్ స్థానంలో ఫైండ్‌వన్‌అండ్‌డిలీట్ వాడాలి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఎర్రర్ ఇచ్చి ఆగేవి. వాటి గురించి నాకు దిగులు లేదు, ఆగిన చోట దిద్దుకుంటాం. నన్ను నిద్రపోనివ్వనివి ఇంకో రకం: ఎర్రర్ రాదు, స్క్రీన్ మామూలుగానే కనిపిస్తుంది, లోపల మాత్రం పని మారిపోయి ఉంటుంది.

ఒకటి చెప్తాను, ఇది నా చేతుల మీదుగా జరిగింది. మంగూస్ 6 వచ్చిన కొత్తలో, 2021 చివర్లో, నకిరేకల్ వైపు ఒక నిమ్మకాయల వ్యాపారికి నేను రాసిచ్చిన ప్రోగ్రాంని 5 నుంచి 6కి మార్చాను. అందులో నేను పరీక్ష కోసం వేసుకునే ఉత్తుత్తి ఎంట్రీలకు 'టెస్ట్' అని ఒక గుర్తు ఉండేది, రోజూ రాత్రి ఆ గుర్తున్నవాటిని డిలీట్‌మెనీతో తుడిచేసే చిన్న స్క్రిప్ట్ కూడా ఉండేది. ఆ గుర్తుని నేను స్కీమాలో రాయలేదు, ఎంట్రీలను వేరే స్క్రిప్ట్‌తో నేరుగా డేటాబేస్‌లోకి పంపేవాణ్ని కాబట్టి అవసరం రాలేదు. మంగూస్ 5లో స్కీమాలో లేని పేరుతో వెతికినా ఆ షరతు ఉన్నది ఉన్నట్టు డేటాబేస్‌కి వెళ్లేది. 6లో స్ట్రిక్ట్‌క్వెరీ అనే నియమం మామూలుగానే ఆన్ అయి ఉంటుంది, అది స్కీమాలో లేని పేరు కనిపిస్తే షరతులోంచి దాన్ని తీసేస్తుంది. నా షరతులో ఉన్నది ఆ ఒక్క పేరే. అది తీసేస్తే మిగిలేది ఖాళీ షరతు, ఖాళీ షరతుతో డిలీట్‌మెనీ అంటే ఉన్నవన్నీ తుడిచెయ్యమని అర్థం.

తెల్లవారుజామున ఐదింటికి ఆయన ఫోన్ చేశాడు. బస్తాలు దిగుతున్నాయి, స్క్రీన్ మీద ఒక్క పేరు లేదు. ముందు రోజు తీసిన డంప్ ఉండబట్టి బతికాం, మిగిలిన ఆ ఒక్క రోజు ఎంట్రీలు కార్బన్ కాపీ పుస్తకం ముందేసుకుని ఆయన గుమస్తా, నేను కలిసి మధ్యాహ్నం దాకా కొట్టాం. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఇంకా గుర్తుంది.

తర్వాత మంగూస్ వాళ్లు కూడా ఈ పద్ధతి వల్ల అయోమయం వస్తోందని 7లో స్ట్రిక్ట్‌క్వెరీని మళ్లీ ఆఫ్‌కి మార్చారు. మీరు 5 నుంచి 8కి వెళ్తున్నారు కాబట్టి మొదట్లో, చివర్లో ఒకేలా ఉండి మధ్యలో 6 దగ్గర మాత్రం ఇది తిరగబడుతుంది. నా సలహా, కనెక్షన్ ఫైల్ మొదట్లోనే స్ట్రిక్ట్‌క్వెరీ ఫాల్స్ అని మీరే రాసి పెట్టండి, వెర్షన్ ఏది అనుకుంటే అది అనుకోనీ. 6లో మాత్రం 6.0.10 కంటే తక్కువది వాడకండి, అంతకు ముందు వాటిలో ఈ స్విచ్చే లేదు.

ఇలాంటిదే ఇంకొకటి. పాత కోడ్‌లో ప్రీ రిమూవ్ అని హుక్ (ఒక పనికి ముందు దానంతటదే నడిచే కోడ్) రాసి ఉంటారు, ఉదాహరణకు లారీ ఎంట్రీ తీసేస్తే దానికి సంబంధించిన హమాలీ లెక్క కూడా తీసేయాలని. 7కి వచ్చాక మీరు రిమూవ్ అన్నచోట డిలీట్‌వన్ అని మారుస్తారు, ఎంట్రీ పోతుంది, ఎర్రర్ రాదు, హుక్ మాత్రం నడవదు, హమాలీ లెక్క అలాగే మిగిలిపోతుంది. హుక్ పేరు కూడా డిలీట్‌వన్‌కి మార్చి, అది డాక్యుమెంట్‌కి వర్తించాలి, క్వెరీకి కాదు అని ఆప్షన్‌లో రాయాలి. నెలాఖరు లెక్క తేలనప్పుడు కానీ ఇది బయటపడదు, అందుకే ముందే వెతకండి.

చివరగా ఒక పనిముట్టు. మంగూస్ సెట్‌లో డీబగ్ ట్రూ అని పెడితే డేటాబేస్‌కి నిజంగా ఏ షరతు వెళ్తుందో టెర్మినల్‌లో ప్రతిదీ రాస్తుంది. ఒక్కో మెట్టు దగ్గర మార్చకముందు ఒకసారి, మార్చాక ఒకసారి అదే పని చేసి రెండు రాతలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ రోజు నేను ఈ పని చేసి ఉంటే డిలీట్‌మెనీ పక్కన ఖాళీ షరతు కళ్లబడేది. బాబాయికి కూడా ఆ నకలు మీద కాటా ఎంట్రీ ఒకటి చేయించి చూపించండి, ఆయన చెయ్యి పెట్టి చూస్తే మీకు తట్టని తప్పు ఒకటైనా పట్టుకుంటాడు.

ప్రశ్న: జడ్చర్ల నుంచి రాస్తున్నాను. బాదేపల్లి మార్కెట్‌లో పల్లి కొనే ఒక అడ్తి దుకాణానికి తక్‌పట్టీల (రైతుకిచ్చే అమ్మకం చిట్టీల) యాప్ చేశాను. మంగూస్ 6 నుంచి 7కి మార్చాక తక్‌పట్టీల జాబితా మొదటిసారి తెరిస్తే వస్తుంది, తర్వాతి పేజీ నొక్కితే మాత్రం ఖాళీ. ఎర్రర్ లేదు. డేటాబేస్‌లో చూస్తే అన్నీ ఉన్నాయి. రెండు రోజులుగా తల పట్టుకుని కూర్చున్నా అన్నా.

జవాబు: మీ కోడ్ చూడకుండానే ఒక అనుమానం చెప్తాను, బ్రౌజర్ నుంచి వచ్చిన క్వెరీని మొత్తానికి మొత్తం తీసుకెళ్లి ఫైండ్‌లో పెట్టి ఉంటారు. తర్వాతి పేజీ నొక్కితే అడ్రస్‌లో పేజీ ఈక్వల్స్ 2 అని చేరుతుంది. పైన మిర్యాలగూడ జవాబులో చెప్పిన స్ట్రిక్ట్‌క్వెరీనే ఇక్కడ ఎదురు తిరిగింది: 6లో ఉన్నప్పుడు పేజీ అనేది మీ స్కీమాలో లేదు కాబట్టి మంగూస్ దాన్ని గుట్టుగా తీసేసి మిగతా షరతుతో వెతికేది. 7లో తీసేయదు. పేజీ 2 అని రాసి ఉన్న తక్‌పట్టీ ఎక్కడుందో చూపించమని డేటాబేస్‌ని అడుగుతుంది, అలాంటిది ఒక్కటీ ఉండదు, ఖాళీ జాబితా వస్తుంది.

స్ట్రిక్ట్‌క్వెరీని ట్రూ చేస్తే ఇప్పటికిప్పుడు జాబితా వచ్చేస్తుంది, కానీ ఆ దారి పట్టకండి. రైతు పేరు, తేదీ, ఊరు, ఇలా వెతకడానికి మీరు ఒప్పుకునే వాటిని మాత్రమే ఒక్కొక్కటిగా బయటికి తీసి కొత్త షరతు తయారు చేసి ఫైండ్‌కి ఇవ్వండి, పేజీ సంఖ్యని స్కిప్, లిమిట్ (ఎన్ని వదలాలి, ఎన్ని చూపాలి) లెక్కకే వాడండి. బయటి నుంచి వచ్చినదాన్ని అలాగే లోపలికి పంపితే ఇంకో ప్రమాదం ఉంది. ఎవరైనా విలువ ఉండాల్సిన చోట డాలర్ గుర్తుతో మొదలయ్యే షరతు పెట్టి పంపితే, ఫలానా రైతు తక్‌పట్టీ అడిగినట్టే అడిగి అందరి తక్‌పట్టీలూ లాగేసుకోవచ్చు. దీనికోసం 6 నుంచి శానిటైజ్‌ఫిల్టర్ అని ఒక ఆప్షన్ ఉంది, అది కూడా ఆన్ చేయండి. రైతుల బ్యాంక్ ఖాతా నంబర్లు కూడా మీ దగ్గర ఉండే ఉంటాయి, అందుకని గట్టిగా చెప్తున్నాను.

ప్రశ్న: మాది గద్వాల. చీరల దుకాణం బిల్లింగ్ ప్రోగ్రాం, మంగూస్ లేదు, మాంగోడీబీ డ్రైవర్ నేరుగా వాడాం. 3 వెర్షన్ నుంచి 4కి మార్చిన రోజు ఒకే బిల్లు నంబరు ఇద్దరు కస్టమర్లకు వెళ్లింది. తర్వాత నుంచి నంబర్లు వరుసగానే వస్తున్నాయి. అలా ఎందుకైంది, మళ్లీ అవుతుందా?

జవాబు: ఇది చాలా మంచి ప్రశ్న, జరిగింది కూడా అచ్చంగా లెక్క ప్రకారమే జరిగింది. బిల్లు నంబరు కోసం ఒక కౌంటర్ డాక్యుమెంట్ పెట్టుకుని, ఫైండ్‌వన్‌అండ్‌అప్‌డేట్‌తో ఒకటి కలిపి, వచ్చిన సంఖ్యని బిల్లు మీద వేస్తారు. ఈ ఫంక్షన్ మామూలుగా కలపకముందు ఉన్న పాత డాక్యుమెంట్‌నే తిరిగి ఇస్తుంది, కలిపాక ఉన్నది కావాలంటే అడగాలి. 3లో రిటర్న్‌ఒరిజినల్ ఫాల్స్ అని అడిగేవాళ్లు. 4లో ఆ పేరు తీసేసి రిటర్న్‌డాక్యుమెంట్ ఆఫ్టర్ అని పెట్టారు. పాత పేరు మీ కోడ్‌లో అలాగే ఉంది, డ్రైవర్ దాన్ని పట్టించుకోలేదు, ఎర్రర్ కూడా ఇవ్వలేదు. ముందు రోజు చివరి బిల్లు 4512 అనుకోండి, కౌంటర్‌లో 4512 ఉంటుంది. మార్చాక వచ్చిన మొదటి కస్టమర్‌కి కౌంటర్ 4513 అయింది, చేతికి వచ్చింది మాత్రం పాత 4512. అదే రెండోసారి వెళ్లిన నంబరు. అక్కడి నుంచి అన్నీ ఒక్కటి వెనకబడి వరుసగా వస్తున్నాయి కాబట్టి మీకు తేడా తెలియడం లేదు.

ఇప్పుడు ఆప్షన్ పేరు సరిచేస్తే మధ్యలో ఒక నంబరు ఎగిరిపోతుంది. జీఎస్టీ బిల్లులైతే మీ అకౌంటెంట్‌తో మాట్లాడి, రెండుసార్లు పడిన నంబరు, ఎగిరిన నంబరు రెండింటి గురించీ రాసి పెట్టుకోండి. రెండో పని, బిల్లు నంబరు మీద యూనిక్ ఇండెక్స్ పెట్టండి. అది ఉండి ఉంటే రెండో 4512 లోపలికి పోకుండా E11000 డూప్లికేట్ కీ అని ఎర్రర్ వచ్చి అప్పుడే దొరికేది.

మళ్లీ అవుతుందా అన్నారు కదా, డ్రైవర్‌ని 6కి మార్చేటప్పుడు ఇదే లైన్ దగ్గర ఇంకోటి ఎదురవుతుంది. 5 దాకా ఈ ఫంక్షన్ ఫలితాన్ని ఒక కవరులో పెట్టి ఇచ్చేది, డాక్యుమెంట్ దాని లోపల వాల్యూ అనే పేరు కింద ఉండేది. 2023లో వచ్చిన 6 నుంచి కవరు లేకుండా డాక్యుమెంట్‌నే చేతికి ఇస్తుంది. వాల్యూ అని రాసిన చోట్లన్నీ దిద్దాలి, లేదా ఇన్‌క్లూడ్‌రిజల్ట్‌మెటాడేటా ట్రూ అని పెట్టి పాత పద్ధతే అడగాలి.

ప్రశ్న: నాగర్‌కర్నూల్‌లో డిగ్రీ చదువుతున్నాను. నోడ్ కొత్తది వేసుకున్నాక లోకల్‌హోస్ట్‌లో మాంగోడీబీ కనెక్ట్ అవ్వట్లేదు, ::1:27017 దగ్గర రిఫ్యూజ్ చేసిందని వస్తోంది. మాంగోడీబీ మాత్రం నడుస్తూనే ఉంది. తీసేసి మళ్లీ వేయాలా?

జవాబు: వద్దు తమ్ముడూ. కనెక్షన్ అడ్రస్‌లో లోకల్‌హోస్ట్ అన్నచోట 127.0.0.1 అని రాయి, సరిపోతుంది. నోడ్ 17 నుంచి లోకల్‌హోస్ట్ అంటే చాలా కంప్యూటర్లలో ముందుగా ఐపీవీ6 అడ్రస్ వస్తోంది, నువ్వు చూసిన ::1 అదే. నీ మాంగోడీబీ ఐపీవీ4 దగ్గరే వింటూ కూర్చుంది. ఇద్దరూ చెరో తలుపు దగ్గర ఉన్నారు, అంతే.

ప్రశ్న: నల్గొండలో ఎంసీఏ చేస్తున్నాను. ప్రాజెక్టుకి పైథాన్, దాని నుంచి మాంగోడీబీతో మాట్లాడే పైమాంగో లైబ్రరీ. మా సీనియర్ ఇచ్చిన పాత కోడ్‌లో ఇన్సర్ట్, అప్‌డేట్, ఫైండ్ తర్వాత కౌంట్ అన్నీ ఎర్రర్‌లే. పాత పైమాంగో వేసుకుని కానిచ్చేయనా?

జవాబు: పాతది వేసుకోవద్దు, కోడ్ మార్చండి, ఒక పూట పని. 2021లో వచ్చిన పైమాంగో 4లో ఈ పాత పేర్లన్నీ తీసేశారు. ఇన్సర్ట్ ఉన్నచోట ఒక్కటైతే ఇన్సర్ట్‌వన్, చాలా ఉంటే ఇన్సర్ట్‌మెనీ. కౌంట్ ఉన్నచోట కలెక్షన్ మీద కౌంట్‌డాక్యుమెంట్స్ పెట్టి, ఫైండ్‌లో ఇచ్చిన షరతునే దానికి ఇవ్వాలి, షరతు లేకపోయినా ఖాళీ డిక్షనరీ ఇవ్వాల్సిందే.

అప్‌డేట్ దగ్గర మాత్రం ఆగి ఆలోచించండి. పాత అప్‌డేట్‌లో డాలర్ సెట్ రాయకుండా ఉత్త డిక్షనరీ ఇస్తే మొత్తం డాక్యుమెంట్ తీసేసి దాని స్థానంలో ఇది పెట్టేది. అప్‌డేట్‌వన్ అలా ఒప్పుకోదు, డాలర్ ఆపరేటర్ లేదని ఎర్రర్ ఇస్తుంది. ఎర్రర్ పోగొట్టడానికి గుడ్డిగా డాలర్ సెట్ చేర్చకండి. మీ సీనియర్ ఉద్దేశం ఒక్క మార్కు మార్చడమా, డాక్యుమెంట్ మొత్తం కొత్తది పెట్టడమా అన్నది చూసి, రెండోదైతే రీప్లేస్‌వన్ వాడండి. ఇంకొకటి, ఇఫ్ డీబీ అని నేరుగా రాసిన చోట్ల 4లో ఎర్రర్ వస్తుంది, ఇఫ్ డీబీ ఈజ్ నాట్ నన్ అని రాయాలి. అసింక్ కోసం మోటార్ అనే లైబ్రరీ నేర్చుకుంటున్న వాళ్లుంటే ఇక్కడే ఆగండి, 2025 మే నుంచి దాన్ని వాడొద్దని మాంగోడీబీ వాళ్లే చెప్పారు, పైమాంగోలోనే అసింక్ వచ్చేసింది.

ప్రశ్న: దేవరకొండ నుంచి. నా ల్యాప్‌టాప్‌లో నడిచే ప్రోగ్రాం, దుకాణంలో కంప్యూటర్‌లో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొడితే నడవట్లేదు. రెండు చోట్లా ప్యాకేజ్ జేసన్ ఒకటే.

జవాబు: ప్యాకేజ్ జేసన్‌లో వెర్షన్ ముందు చిన్న టోపీ గుర్తు ఉంటుంది చూడండి. 6.1.0 ముందు ఆ టోపీ ఉంటే 7 రాకుండా 6లో ఏదైనా సరే, కొత్తది వేసుకో అని అర్థం. మీరు ఆరు నెలల కింద వేసుకున్నారు, దుకాణంలో ఈరోజు వేశారు, రెండూ వేర్వేరు. ఏది ఎంత వేశారో కచ్చితంగా రాసి ఉండేది ప్యాకేజ్ లాక్ ఫైల్‌లో. దాన్ని మీరు కాపీ చేసి ఉండరు, కొందరు పెద్దగా ఉందని గిట్‌లో కూడా పెట్టరు. పెట్టండి. దుకాణంలో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ బదులు ఎన్‌పీఎం సీఐ కొట్టండి, లాక్ ఫైల్‌లో ఉన్నది ఉన్నట్టు వేస్తుంది. అప్పటికీ నడవకపోతే నోడ్ వెర్షన్ రెండు చోట్లా ఒకటేనా చూడండి.

ప్రశ్న: సూర్యాపేట. పాత కంప్యూటర్‌లో మాంగోడీబీ 3.4 ఉంది. మంగూస్ 8 వేస్తే వైర్ వెర్షన్ తక్కువ అని ఎర్రర్. సరే అని మాంగోడీబీ 6 వేస్తే అది మొదలవ్వగానే ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని ఆగిపోతోంది. ఇప్పుడు ఎటూ కాకుండా ఉన్నాం.

జవాబు: రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. మొదటిది, లైబ్రరీ వేరు, సర్వర్ వేరు. కొత్త లైబ్రరీ మరీ పాత సర్వర్‌తో మాట్లాడదు, మీకు వచ్చిన మొదటి ఎర్రర్ అదే. రెండోది, మాంగోడీబీ 5.0 నుంచి ప్రాసెసర్‌లో ఏవీఎక్స్ అనే సదుపాయం ఉండాలి. ఇంటెల్‌లో 2011లో వచ్చిన శాండీబ్రిడ్జ్ నుంచి ఇది మొదలైంది, ఆ తర్వాతి పెంటియం, సెలెరాన్‌లలో కూడా చాలావాటికి లేదు. లైనక్స్ అయితే ప్రాక్ కింద సీపీయూ ఇన్ఫో ఫైల్‌లో ఏవీఎక్స్ అన్న మాట ఉందేమో వెతకండి. లేకపోతే ఆ కంప్యూటర్‌లో 5, 6 నడవవు, సెట్టింగ్‌లతో అయ్యే పని కాదు.

4.4కి ఏవీఎక్స్ అక్కర్లేదు, మంగూస్ 8 దానితో మాట్లాడుతుంది. కాబట్టి ముందు డంప్ తీసి పెన్‌డ్రైవ్‌లో దాచి, 3.4 నుంచి 3.6, 4.0, 4.2, 4.4 అని వరుసగా వెళ్లండి. ఒక్కో చోట సెట్‌ఫీచర్‌కంపాటిబిలిటీవెర్షన్ అనే కమాండ్‌తో డేటాని ఆ వెర్షన్‌కి మార్చాకే తర్వాతిది వేయాలి, మరిచిపోతే పై వెర్షన్ డేటా ఫైళ్లను తెరవదు. 4.4కి కూడా 2024 ఫిబ్రవరితో గడువు అయిపోయింది, అందుకని దీన్ని కొన్నాళ్ల సర్దుబాటుగానే చూడండి. సెకండ్ హ్యాండ్‌లో అయినా సరే ఏవీఎక్స్ ఉన్న కంప్యూటర్ ఒకటి చూసుకుని, కొనేముందు దుకాణంలోనే ఆ ఫైల్ తెరిపించి చూడండి.